నయాగరా ఫొటో ప్రాజెక్టు డైరీ: ఎండ, గాలి, నీటి టైంటేబుల్

అనుకున్న పని

నయాగరా నదిని జలపాతానికి ఎగువనున్న రాళ్ల ఉరవడి దగ్గర మొదలుపెట్టి, దిగువన వర్ల్‌పూల్ సుడి దాకా పది ఫొటోల్లో చూపించాలి. ఒక ఫొటోలో కనిపించిన నీటి తీరు ఇంకో ఫొటోలో కనిపించకూడదు. పెట్టుకున్న షరతు అదొక్కటే.

నయాగరా ఫొటోలు చాలావరకు ఒకేలా ఉండటానికి కెమెరాలు కారణం కాదు. టూరు బస్సులు వచ్చేది పదకొండు నుంచి మూడు మధ్య. అప్పుడు ఎండ నడినెత్తిన ఉంటుంది, నీళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా మాడిపోతాయి, లోయ నల్లగా పడుతుంది. అదే కెమెరాతో, అదే రెయిలింగు దగ్గర, సరైన గంటలో నిలబడితే వేరే జలపాతం దొరుకుతుంది. అందుకే ఈ డైరీలో లెన్సుల కంటే వేళల గురించే ఎక్కువ ఉంటుంది.

డ్రోన్ మాట మొదట్లోనే పక్కన పెట్టేశాం. రెండు దేశాల పార్కుల్లోనూ అనుమతి లేకుండా ఎగరేయడం నిషిద్ధం. డబ్బు తీసుకుని చేసే షూట్లకు కూడా పార్కు నుంచి పర్మిట్ ఉండాలి.

ప్లానింగ్

ముందు నీళ్ల సంగతి. అమెరికా, కెనడా 1950లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 8 నుంచి రాత్రి 10 దాకా, సెప్టెంబరు 16 నుంచి అక్టోబరు 31 వరకు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా, జలపాతం మీదుగా సెకనుకు కనీసం 2,832 ఘనపు మీటర్ల నీరు వదలాలి. మిగతా గంటల్లోనూ, నవంబరు నుంచి మార్చి దాకా రోజంతానూ, అందులో సగం అంటే 1,416 వదిలితే సరిపోతుంది. మిగిలిన నీళ్లు జలవిద్యుత్ కేంద్రాలకు పోతాయి.

ఫొటోగ్రాఫర్‌కు ఇంతకంటే ముఖ్యమైన సమాచారం నయాగరాలో ఇంకోటి లేదు. జూన్‌లో అయిదున్నర దాటగానే తెల్లవారుతుంది. ఆ బంగారు వెలుతురు కోసం పొద్దున్నే పరుగెత్తితే దొరికేది సగం నీరు. ఒడ్డుకు దగ్గరి అంచుల్లో తెర పలచబడుతుంది, తుంపర కూడా తగ్గుతుంది. ఇది ఒక్కోసారి మేలే. గుర్రపునాడా ఆకారంలో ఉండే పెద్ద జలపాతం హార్స్‌షూ. దాని లోపలి వంపు మామూలు వేళల్లో తుంపరలో మునిగిపోయి ఉంటుంది. తెల్లవారుజామున అది బయటపడుతుంది. కాబట్టి ఆకారం కావాలంటే ఎనిమిదికి ముందు, బలం కావాలంటే ఎనిమిది తర్వాత.

ఇక ఎండ. నది ఉత్తరానికి పారుతుంది. అమెరికా ఒడ్డు తూర్పున, కెనడా ఒడ్డు పడమర ఉన్నాయి. ఇంద్రధనుస్సు కావాలంటే సూర్యుడు మన వీపు వెనక ఉండాలి. అంటే ఉదయం పూట అమెరికా ఒడ్డున నిలబడి పడమరకు, మధ్యాహ్నం దాటాక కెనడా ఒడ్డున నిలబడి తూర్పుకు చూడాలి. ఈ క్రమం తిరగేస్తే రోజంతా ఎదురెండలోనే తీయాల్సి వస్తుంది.

మూడోది గాలి. పడమటి గాలి ఉంటే తుంపరంతా హార్స్‌షూకు అమెరికా వైపున్న గోట్ ఐలండ్ దీవి మీదికి వస్తుంది, కెనడా వైపు టేబుల్ రాక్ కాస్త పొడిగా ఉంటుంది. తూర్పు గాలైతే టేబుల్ రాక్ దగ్గర వాన కురిసినట్టే. వాతావరణం యాప్‌లో ఉష్ణోగ్రత కంటే ముందు గాలి దిక్కు చూసి, ఆ రోజు ఏ ఒడ్డుకు వెళ్లాలో అప్పుడు నిర్ణయించుకోవాలి.

సామాను

24–70 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి, 70–200 ఒకటి, వీలైతే 400 దాకా వెళ్లే జూమ్. మరీ వైడ్ లెన్సు ఇక్కడ అంతగా పనికిరాదు, జలపాతం సన్నటి తెల్లగీతలా మారిపోతుంది. మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు మూడు: ఎన్‌డీ8, ఎన్‌డీ64, ఎన్‌డీ1000 (అంకె ఎంతైతే వెలుతురు అన్నో వంతుకు తగ్గుతుంది). మైక్రోఫైబర్ గుడ్డలు కనీసం ఆరు, ఒక్కోటి విడిగా జిప్ కవర్లో పెట్టుకోవాలి. ఒకసారి తడిసిన గుడ్డ నీటిని తుడవదు, అద్దమంతా పులుముతుంది. గాలి కొట్టే బ్లోయర్ దుమ్ముకు మంచిదే గానీ తుంపర మీద దాని ఆటలు సాగవు.

కెమెరాకు ఖరీదైన రెయిన్ కవర్ లేకపోయినా పర్వాలేదు. మందపాటి ప్లాస్టిక్ సంచి అడుగున లెన్సు పట్టేంత కంత చేసి, లెన్సు హుడ్ చుట్టూ రబ్బరు బ్యాండు బిగిస్తే సరి. కంత హుడ్ కంటే కొంచెం చిన్నదిగా ఉండాలి. పెద్దదైతే ప్లాస్టిక్ అంచు జారి ఫ్రేములోకి వస్తుంది.

ఫ్రేమ్ 1: త్రీ సిస్టర్స్ ఐలండ్స్. పూర్తి

గోట్ ఐలండ్ నుంచి చిన్న వంతెనల మీదుగా నడిచి వెళ్లే ఈ దీవుల దగ్గర నది ఇంకా పడలేదు, పడటానికి సిద్ధమవుతోంది. చెట్ల నీడ ఉంటుంది కాబట్టి ఉదయం తొమ్మిది దాకా ఫిల్టర్ లేకుండానే ఎఫ్/11 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది), ఐఎస్‌ఓ 100 (కెమెరా వెలుతురును పట్టే స్థాయి) దగ్గర 1/8 నుంచి 1/4 సెకను దొరుకుతుంది. ఇక్కడ అంతకంటే ఎక్కువ తెరవకూడదు. రెండు సెకన్లు తెరిస్తే రాళ్ల మీద ఎగిరే అలల ఆకారం పోయి, పాల మీగడలాంటి చదును మిగులుతుంది. నది వేగం చూపించాల్సిన ఫొటోలో నది నిలిచిపోయినట్టు ఉంటుంది.

ఒడ్డు రాళ్లు తడిగా ఉంటాయి, నాచు పట్టి ఉంటాయి, ప్రవాహం నేరుగా జలపాతం అంచుకే పోతుంది. ట్రైపాడ్ కాళ్లు నీళ్లలో పెట్టే ఆలోచనే వద్దు. దారి మీద నుంచే 70 మిల్లీమీటర్లలో చక్కని ఫ్రేము వస్తుంది.

ఫ్రేములు 2, 3: టెరాపిన్ పాయింట్. పూర్తి

ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం పట్టిన చోటు ఇదే. హార్స్‌షూ అంచుకు ఇంత దగ్గరగా అమెరికా వైపు ఇంకెక్కడా నిలబడలేం.

ఫ్రేమ్ 2 అంచు మీద వంగే ఆకుపచ్చ నీరు. నీటిలో కరిగిన లవణాలు, మెత్తటి రాతిపొడి వల్ల ఆ రంగు వస్తుంది. నీరు మందంగా, నురగ లేకుండా వంగే చోటే అది కనిపిస్తుంది, కిందికి పోయేకొద్దీ గాలి కలిసి తెల్లబడుతుంది. 135 నుంచి 200 మిల్లీమీటర్ల మధ్య పెట్టి, ఆకుపచ్చ తెల్లగా మారే ఆ గీతను ఫ్రేములో పైనుంచి మూడో వంతు దగ్గర ఉంచాం. పోలరైజర్ తిప్పితే నీటి మీద పడే ఆకాశపు మెరుపు కొంత తగ్గి రంగు లోతు పెరుగుతుంది.

షట్టర్ విషయంలో ఒక చిన్న లెక్క చేసుకుంటే ఊహాగానం తప్పుతుంది. హార్స్‌షూ ఎత్తు సుమారు 57 మీటర్లు. గాలి నిరోధం వదిలేసి లెక్కిస్తే అడుగుకు చేరేసరికి నీటి వేగం సెకనుకు 33 మీటర్లు. 1/1000 సెకనులో చుక్క మూడు సెంటీమీటర్లు కదులుతుంది, 1/4 సెకనులో ఎనిమిది మీటర్లు. అంచు దగ్గర మాత్రం ఇంకా నెమ్మదిగానే ఉంటుంది. అందుకే ఒకే ఫ్రేములో అంచు స్పష్టంగా, అడుగు పట్టులా రావాలంటే 1/15 నుంచి 1/8 సరైన చోటు. అంచు మీది నూలుపోగుల్లాంటి గీతలు ఆ వేగంలోనే నిలుస్తాయి. అర సెకను దాటితే ఆకుపచ్చ మీద తెలుపు పులుముకుపోతుంది.

ఎండలో ఇంత నెమ్మది షట్టర్ రావడానికి లెక్క: ఎఫ్/11, ఐఎస్‌ఓ 100 దగ్గర పూర్తి ఎండలో సుమారు 1/200. పోలరైజర్ ఒకటిన్నర స్టాపు తింటుంది (ఒక స్టాపు అంటే వెలుతురు సగమవడం), 1/70 అవుతుంది. ఇంకో మూడు స్టాపుల ఎన్‌డీ8 వేస్తే 1/9. ఎన్‌డీ64 ఇక్కడ ఎక్కువైపోతుంది. చేతిలో అదొక్కటే ఉంటే పోలరైజర్ తీసేసి, ఐఎస్‌ఓ 400కు పెంచితే 1/12 దగ్గరకు వస్తుంది. ఎఫ్/16కు మాత్రం వెళ్లకూడదు. అపర్చర్ చిన్నదయ్యేకొద్దీ అద్దం మీది తుంపర చుక్కలు గుండ్రటి మచ్చలుగా తేలుతాయి. ఎఫ్/5.6 దగ్గర అసలు కనబడని చుక్క ఎఫ్/16 దగ్గర ఫొటో మధ్యలో కూర్చుంటుంది.

ఫ్రేమ్ 3 ఇంద్రధనుస్సు. మన తల నీడ పడే దిక్కును కేంద్రంగా తీసుకుంటే దాని చుట్టూ 42 డిగ్రీల దూరంలో విల్లు వస్తుంది. చేయి పూర్తిగా చాచి వేళ్లు విప్పితే ఒక జాన సుమారు 20 డిగ్రీలు. తల నీడ నుంచి రెండు జానలు కొలిస్తే విల్లు ఎక్కడ వస్తుందో తుంపర లేవకముందే తెలిసిపోతుంది. అక్కడికి ఫ్రేము పెట్టుకుని గాలి కోసం ఎదురుచూడటమే. మైదానంలో అయితే సూర్యుడు 42 డిగ్రీలు దాటగానే విల్లు మాయమవుతుంది. ఇక్కడ లోయలోకి చూస్తాం కాబట్టి ఎండెక్కినా కింది భాగం కనిపిస్తూనే ఉంటుంది.

పోలరైజర్‌తో ఇక్కడ జాగ్రత్త. ఇంద్రధనుస్సు కాంతి దాదాపు పూర్తిగా పోలరైజ్ అయి ఉంటుంది. ఫిల్టర్‌ను ఒకవైపు తిప్పితే రంగులు చిక్కబడతాయి, 90 డిగ్రీలు తిప్పితే విల్లు ఉన్నట్టుండి పోతుంది. పైగా ఆ దిశ విల్లు వంపుతోపాటు మారుతుంది. టెలీ లెన్సులో చిన్న ముక్క తీస్తే ఇబ్బంది లేదు. వైడ్‌లో మొత్తం విల్లు తీస్తే విల్లు పైభాగం మెరుస్తుంది, రెండు కాళ్లూ వెలిసిపోతాయి. వైడ్ ఫ్రేముకు పోలరైజర్ తీసేయడమే మేలు.

టెరాపిన్ దగ్గర లెన్సు మార్చకూడదు. వెనక్కి చెట్లదాకా వచ్చి, వీపు గాలికి పెట్టి మార్చాలి. ప్రతి ఎక్స్‌పోజరుకూ ముందు తుడవాలి, తుడిచిన వెంటనే నొక్కాలి. రెండు సెకన్ల టైమర్ వాడితే ఆ రెండు సెకన్లలోనే మళ్లీ చుక్కలు పడతాయి. కేబుల్ రిలీజ్ దీనికే.

ఎక్స్‌పోజర్ గురించి ఒక మాట

తెల్లటి నీరు ఫ్రేమంతా నిండితే కెమెరా దాన్ని బూడిద రంగు చేయాలని చూస్తుంది, ఫొటో మురికిగా వస్తుంది. అదే నల్లటి లోయ ఎక్కువగా ఉంటే కెమెరా వెలుతురు పెంచుతుంది, నీరు మాడిపోతుంది. రెండూ ఒకే చోట, కెమెరాను పది డిగ్రీలు తిప్పితే జరుగుతాయి. అందుకే మాన్యువల్. బాగా తెల్లగా ఉన్న నురగ మీద స్పాట్ మీటర్ (ఒక్క చోటి వెలుతురే కొలిచేది) పెట్టి, అక్కడి నుంచి ఒకటిన్నర, రెండు స్టాపులు పెంచి తాళం వేసేయాలి. రా (RAW) ఫైలుగా తీస్తే నీడలు తర్వాత లేపొచ్చు. మాడిన తెలుపు తిరిగి రాదు.

ఫ్రేమ్ 4: అమెరికన్ ఫాల్స్ పక్క చూపు. పూర్తి

అమెరికా వైపున్న ఈ జలపాతానికి లూనా ఐలండ్ ఒకవైపు, ప్రాస్పెక్ట్ పాయింట్ ఇంకోవైపు. ప్రాస్పెక్ట్ నుంచి తీస్తే అంచుగీత ఫ్రేములోకి ఏటవాలుగా పోతుంది, వెనక హార్స్‌షూ తుంపర లేస్తూ కనబడుతుంది. మాకు అదే నచ్చింది. ఈ జలపాతం అడుగున నీటిమడుగు లేదు, కూలిన బండల గుట్ట ఉంది. ఆ బండలు తీసేయవచ్చేమో చూద్దామని 1969లో అమెరికా ఆర్మీ ఇంజినీర్లు నీటిని మళ్లించి, కొన్ని నెలలపాటు దీన్ని ఎండబెట్టారు. చివరికి బండల్ని అలాగే వదిలేశారు. ఫొటోకు అది అదృష్టమే. 1/500 దగ్గర ఆ బండల మీద పగిలే నీరు, హార్స్‌షూలో ఎక్కడా దొరకని గరుకుదనం ఇస్తుంది. దీనికి నీటిని పట్టులా చేసే నెమ్మది షట్టర్ వాడితే ఆ విశేషం పోతుంది.

ఫ్రేమ్ 5: హరికేన్ డెక్. సగం

కేవ్ ఆఫ్ ది విండ్స్ అనే సందర్శన చోట చెక్క మెట్లు, అమెరికన్ ఫాల్స్ పక్కనున్న చిన్న బ్రైడల్ వీల్ జలపాతానికి సుమారు ఆరు మీటర్ల దాకా తీసుకుపోతాయి. ఈ మెట్లను ఏటా చలికాలానికి ముందు విప్పి వసంతంలో మళ్లీ కడతారు. హరికేన్ డెక్ అనే పై డెక్ మీద కెమెరా పనిచేయదు, వాటర్‌ప్రూఫ్ యాక్షన్ కెమెరా లేదా ఫోన్ పౌచ్ అయితేనే. మంచి ఫొటో కింది డెక్ నుంచి, మధ్యాహ్నం తర్వాత. సూర్యుడు పడమరకు వాలగానే పసుపు పోంచోల మనుషుల చుట్టూ ఇంద్రధనుస్సు పడుతుంది. ట్రైపాడ్ దండగ, అడుగుల తాకిడికి చెక్కంతా ఊగుతుంది. 1/1000, ఎఫ్/5.6, ఐఎస్‌ఓ ఆటో. మనుషులు అడ్డు లేకుండా ఉండే ఫ్రేము కోసం ఎదురుచూడొద్దు. జలపాతం పరిమాణం తెలిసేదే వాళ్ల వల్ల. రంగు కుదిరింది గానీ పోంచోలన్నీ ఒకచోట గుంపుగా పడ్డాయి. ఇది మళ్లీ తీయాలి.

ఫ్రేమ్ 6: పడవ మీద నుంచి. పూర్తి

అమెరికా వైపు నుంచి మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ ఎక్కితే పడవ దక్షిణానికి, అంటే ఎగువకు వెళ్తుంది. అమెరికన్ ఫాల్స్ ఎడమ చేతివైపు వస్తుంది. వెళ్లేటప్పుడు ఎడమ రెయిలింగు, వచ్చేటప్పుడు కుడి. హార్స్‌షూ గిన్నెలోకి వెళ్లాక కెమెరాకు పని లేదు, కవర్ కప్పేయాలి. అసలు ఫొటో అక్కడికి చేరకముందే, తుంపర గోడ ఎదురుగా కనబడుతూ అద్దం ఇంకా పొడిగా ఉన్న ఆ కొద్ది నిమిషాల్లో దొరుకుతుంది. ఎర్ర పోంచోలతో కెనడా పడవ అదే సమయానికి ముందుంటే ఇంకేం కావాలి! 1/1600, 70 మిల్లీమీటర్లు. గల్స్ పక్షులు అడ్డొస్తాయి, రానివ్వండి.

కెనడా వైపు: ఫ్రేములు 7, 8, 9

రెండు దేశాలను కలిపే రెయిన్‌బో బ్రిడ్జి మీద నడిచే వెళ్లొచ్చు. భారతీయ పాస్‌పోర్టుతో అమెరికాలో వీసా మీద ఉంటున్నవాళ్లకు కెనడా విజిటర్ వీసా విడిగా కావాలి. ఇది వారాల ముందే చూసుకోవాల్సిన పని. వంతెన మీది నుంచి చూపు దక్షిణానికి ఉంటుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం ఎదురెండ. సాయంత్రం మేలు.

ఏడో ఫ్రేము పాత ఇనుప పడవ. 1918 ఆగస్టులో తాడు తెగి కొట్టుకొచ్చి, హార్స్‌షూకు కాస్త ఎగువన రాళ్లలో చిక్కుకుంది. అందులోని ఇద్దరినీ కాపాడారు. వందేళ్లు కదలనిది 2019 అక్టోబరు 31 నాటి తుపానుకు సుమారు 50 మీటర్లు దిగువకు జరిగింది. ఒడ్డున దారి మీద నుంచి 200–400 మిల్లీమీటర్లలో తీయాలి. వేడిగా ఉన్న మధ్యాహ్నం గాలి తెరలు తెరలుగా కదిలి తుప్పు వివరాలు మసకబారతాయి, చల్లటి ఉదయం శుభ్రంగా వస్తాయి. నది వేగాన్ని ఒక ఇనుపముక్కతో చెప్పే ఈ ఫొటో మా పదింటిలో మాకు అన్నిటికంటే ఇష్టం.

ఎనిమిదోది అమెరికన్ ఫాల్స్ ఎదురుచూపు, నాలుగు దాటాక. పనోరమాగా తీయడం మంచిది: నిలువుగా అయిదు ఫ్రేములు, ఒక్కోటి 40 శాతం కలిసేలా. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్. కదిలే తుంపర దగ్గర అతుకు బయటపడుతుంది కాబట్టి అతుకులు రాళ్ల మీద, చెట్ల మీద పడేలా ఫ్రేములు విడగొట్టుకోవాలి. ఇంద్రధనుస్సును మధ్యలో కోయకూడదు.

తొమ్మిదోది రాత్రి. జలపాతం మీద రంగు దీపాలు కెనడా ఒడ్డు నుంచే పడతాయి, 2016 నుంచి అవి ఎల్ఈడీలు. ఇక్కడ నీటి టైంటేబుల్ మళ్లీ గుర్తుంచుకోవాలి. జూన్ నెలాఖరులో తొమ్మిది కావస్తుండగా పొద్దుగూకుతుంది, పదికి నీరు తగ్గుతుంది. ఆకాశంలో నీలం, కింద పూర్తి నీరు, మీద దీపాలు, ఈ మూడూ కలిసుండేది అరగంటే. ఐఎస్‌ఓ 400, ఎఫ్/5.6, ఒక సెకనుతో మొదలుపెట్టి సరిచేసుకోవాలి. ఎరుపు, నీలం దీపాలు పడినప్పుడు మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల లెక్క చూపే గ్రాఫు) బాగానే ఉన్నట్టు చూపిస్తుంది గానీ ఒక్క రంగు ఛానెల్ మాడిపోయి ఉంటుంది. మూడు రంగులనూ విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ చూడాలి. తెల్ల దీపం వచ్చే వంతులోనే నీటి వివరం ఎక్కువగా దొరుకుతుంది.

ఫ్రేమ్ 10: వర్ల్‌పూల్. పరీక్ష దశ

దిగువన నది ఒక్కసారిగా మలుపు తిరిగే చోట పెద్ద సుడి ఉంది. నీరు నిండుగా ఉన్నప్పుడు అది అపసవ్యంగా తిరుగుతుంది. విద్యుత్ కేంద్రాలకు మళ్లించి నీరు తగ్గినప్పుడు దిశ మారి సవ్యంగా తిరుగుతుంది. ఒకే చోటు నుంచి రెండు దిశలూ తీసి పక్కపక్కన పెట్టాలన్నది ఆలోచన. వర్ల్‌పూల్ స్టేట్ పార్క్ నుంచి ఎఫ్/8, ఎన్‌డీ1000 తో మబ్బు రోజున పది సెకన్లు వస్తే నురగ గీతలు దిశను స్పష్టంగా గీస్తాయి. ఎండలో రెండున్నర సెకన్లే వస్తుంది, గీతలు పొట్టిగా ఉంటాయి. నిండు నీటి వెర్షన్ అయింది. తక్కువ నీటిది ఉదయం ఎనిమిదికి ముందు తీయాలి, ఆ వేళకు లోయ అడుగున వెలుతురు చాలదు. నవంబరులో నీరు రోజంతా సగమే కాబట్టి అప్పుడు మధ్యాహ్నమే తీయొచ్చు.

ఎడిటింగ్, మిగిలింది

మసక తగ్గించే డీహేజ్ స్లైడర్‌ను 15 దాటనివ్వలేదు. తుంపర తీసేస్తే నయాగరా ఉండదు. అద్దం మీద చుక్కలు పడిన ఫ్రేములకు ఒక ఉపాయం: ఒకే చోట నుంచి, మధ్యమధ్య తుడుస్తూ, 1/4 సెకనువి ఎనిమిది తీసి మీడియన్ పద్ధతిలో (ప్రతి చుక్కకూ ఎనిమిదింటిలో మధ్యస్థ విలువ తీసుకుని) కలిపితే చుక్కలు పోతాయి, నీరు దాదాపు రెండు సెకన్ల నునుపుకు వస్తుంది. ఎన్‌డీ ఫిల్టర్ లేనివాళ్లకూ ఇదే దారి.

మిగిలినవి హరికేన్ డెక్ రీషూట్, వర్ల్‌పూల్ రెండో సగం. డెక్ మెట్లు విప్పేలోపు మొదటిది, నవంబరులో రెండోది. నవంబరు షూటుకు సామానులో రెండు మార్పులు: బూట్లకు మంచు మేకుల పట్టీలు, లెన్సుకు ఒకటికి మూడు క్లియర్ ఫిల్టర్లు. జలపాతం దగ్గర చలి ముదిరితే తుంపర అద్దం మీదే గడ్డకడుతుంది, గుడ్డతో రుద్దితే కోటింగ్ గీసుకుపోతుంది. గడ్డకట్టినదాన్ని తీసి లోపలి జేబులో వేసుకుని పొడిది తొడగాలి. స్పేర్ బ్యాటరీలు కూడా ఆ జేబులోనే, ఫిల్టర్ తడి తగలకుండా వేరే జిప్ కవర్లో. గదిలోకి అడుగుపెట్టే ముందే కెమెరాను బయట చలిలోనే జిప్ సంచిలో పెట్టి మూసి, గది వేడికి వచ్చేదాకా తెరవకూడదు. లేకపోతే లెన్సు లోపలికి చెమ్మ పడుతుంది.